ఉర్బినో డ్యూకు గ్రంథాలయం చూడబోయే వారికి

ఇటలీలోని మార్కే ప్రాంతపు కొండల మీద ఉన్న ఉర్బినో పట్టణానికి వచ్చేవారిలో చాలామంది చిత్రకారుడు రఫేల్ పుట్టిన ఇల్లు చూసి, డ్యూకు ప్రాసాదంలో పియెరో దెల్లా ఫ్రాంచెస్కా చిత్రాల ముందు కాసేపు నిలబడి, సాయంత్రానికి తిరుగు ప్రయాణం కడతారు. నేను వెళ్లింది పుస్తకాల కోసం. 1444 నుంచి 1482లో కన్నుమూసేదాకా ఆ పట్టణాన్ని ఏలిన ఫెదెరికో ద మోంతెఫెల్త్రో, ఇతర రాజ్యాల తరఫున జీతానికి యుద్ధాలు చేసి గడించిన ధనంతో, ఆనాటి యూరప్‌లో పేరెన్నికగన్న సొంత గ్రంథాలయాన్ని సమకూర్చుకున్నాడు. అందులో మతగ్రంథాలకు ఆయన ఎలాంటి చోటు ఇచ్చాడో, వాటిని మనసుపెట్టి చదివాడో లేక హోదా కోసం పోగుచేశాడో తెలుసుకోవాలన్న కోరిక నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఆ గ్రంథాలయం ఒకప్పుడు కొలువుదీరిన ప్రాసాద సందర్శన గురించీ, ఆ పుస్తకాలు ఇప్పుడు ఉన్న వాటికన్ గ్రంథాలయం వాటి పుటలను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపించే సేవ గురించీ కలిపి ఈ సమీక్ష రాస్తున్నాను, ఎందుకంటే ఒకటి లేకుండా రెండోది సగమే అర్థమవుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పుస్తకాలు ముందు చూడాలి, గదులు తర్వాత చూడాలి.

ఈ వరుస నాకు ఆలస్యంగా తెలిసింది. మొదటిసారి నేను ఒక పర్యటన సంస్థ ఏర్పాటు చేసిన బృందంతో వెళ్లాను; దాని పేరు ఇక్కడ చెప్పను. ప్రాసాదం మొత్తానికి వాళ్లు కేటాయించిన సమయం గంటన్నర. వెంట వచ్చిన మార్గదర్శి నేరుగా మెట్లెక్కించి మొదటి అంతస్తుకు తీసుకెళ్లింది, కింది అంతస్తులో ప్రాంగణం పక్కనే ఉన్న గ్రంథాలయపు గది సంగతే ఎత్తలేదు. అడిగితే, అక్కడ ఇప్పుడు పుస్తకాలేవీ లేవు కదా అంది. ఆమె మాట నిజమే గాని, ఆ జవాబుతో నాకు కడుపు నిండలేదు. ఇంటికి వచ్చాక కొన్ని నెలలు వాటికన్ వారి సేవలో ఆ పుస్తకాల పుటలు తిప్పుతూ గడిపి, మరుసటి ఏడాది ఒంటరిగా, పెసారో నుంచి బస్సెక్కి, రోజంతా ఉండేలా వెళ్లాను. కింద రాసినవన్నీ ఆ రెండో సందర్శన ఫలితం.

ప్రాసాదం ముఖద్వారం దాటి తోరణాల ప్రాంగణంలోకి అడుగుపెట్టగానే గ్రంథాలయం దగ్గరలోనే ఉంటుంది. పుస్తకాలను పై అంతస్తులో, సొంత గదుల పక్కన దాచుకోకుండా, రాకపోకలు సాగే ప్రాంగణం పక్కన కింది అంతస్తులోనే పెట్టించడంలో ఫెదెరికో ఉద్దేశం అర్థమవుతుంది: వచ్చిన అతిథి అవి చూడకుండా వెళ్లకూడదు. లోపల ఇప్పుడు పుస్తకాల అరలు లేవు. తల ఎత్తి చూడాలి. పైకప్పు నడుమ మోంతెఫెల్త్రో వంశపు చిహ్నమైన గద్ద, దాని చుట్టూ సూర్యకిరణాల్లా చెదిరే అగ్నిజ్వాలలు, చిన్నారి దేవదూతల ముఖాలు కనిపిస్తాయి. ఆ జ్వాలలను చూసినప్పుడు నాకు పెంతెకొస్తు దినాన అపొస్తలుల మీద వాలిన అగ్నినాలుకలు గుర్తొచ్చాయి. అది ఆ కళాకారుడి ఉద్దేశమో కాదో నేను చెప్పలేను గాని, పుస్తకాల గదికి అంతకన్నా తగిన కప్పు నేను ఎక్కడా చూడలేదు.

ఖాళీ గదిలో నిలబడినప్పుడు నాకు ఆసరాగా నిలిచినది ఉర్బినో ఆస్థానపు నియమావళి. ఆస్థానంలో ఎవరి పని ఏమిటో రాసిపెట్టిన ఆ పత్రంలో గ్రంథపాలకుడికీ కొన్ని విధులున్నాయి. అతడు చదువుకున్నవాడు, మంచి రూపం, మంచి నడవడి, మాట నేర్పు గలవాడు అయి ఉండాలి. పుస్తకాల పట్టిక దగ్గర ఉంచుకోవాలి. ఏ పుస్తకమైనా వెంటనే దొరికేలా క్రమంలో పెట్టాలి. తేమ నుంచి, పురుగుల నుంచి, మురికి చేతుల వారి నుంచి, తెలివితక్కువ వారి నుంచి వాటిని కాపాడాలి. హోదా గలవారు, పండితులు వస్తే తానే దగ్గరుండి, పుస్తకాల అందాన్నీ రాతలోని పొందికనూ మర్యాదగా వివరిస్తూ, పుటలు మడతపడకుండా చూసుకుంటూ చూపించాలి. ఊరికే చూసిపోదామని వచ్చిన అమాయకులకైతే ఒక్క చూపు చాలు. ప్రభువు ఆజ్ఞ లేనిదే ఏ పుస్తకమూ బయటికి ఇవ్వకూడదు, ఇస్తే రసీదు రాయించుకోవాలి. ఐదు వందల ఏళ్ల నాటి ఈ నిబంధనలు చదువుతుంటే ఒక మనిషి తన పుస్తకాల విషయంలో ఎంత దిగులు పడేవాడో తెలుస్తుంది. పుటలు మడతపడతాయేమోనన్న ఆందోళన, పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని చదివే అలవాటు ఉన్నవాడికే వస్తుంది.

ఫెదెరికో మరణించేనాటికి ఇక్కడ సుమారు 900 వ్రాతప్రతులు ఉండేవని లెక్క. అందులో మూడింట రెండు వంతులు లాటిన్ గ్రంథాలు. గ్రీకువి 160కి పైగా, హీబ్రూవి 80కి పైగా. వాటిని సమకూర్చడంలో ముఖ్యపాత్ర వహించినవాడు ఫ్లోరెన్సులో పుస్తకాల అంగడి నడిపిన వెస్పసియానో ద బిస్తీచ్చి. ఈ గ్రంథాలయం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆయన రాసిన ఫెదెరికో జీవితకథ నుంచే వచ్చింది. పద్నాలుగేళ్లకు పైగా ఉర్బినోలోనూ ఫ్లోరెన్సులోనూ 30, 40 మంది లేఖకులు ఎడతెగకుండా పనిచేశారనీ, 30,000 డ్యూకట్లకు (ఆనాటి బంగారు నాణేలు) మించి ఖర్చయిందనీ, ఇక్కడ అచ్చు పుస్తకం ఒక్కటి కూడా ఉండేది కాదనీ, ఉంటే ప్రభువు సిగ్గుపడేవాడనీ ఆయన రాశాడు. చివరి మాట మాత్రం నిలబడలేదు. కొన్ని అచ్చు పుస్తకాలు కూడా ఆ సేకరణలో ఉండేవని తర్వాతి పరిశోధకులు చూపించారు. చేతిరాత పుస్తకాలు అమ్ముకుని బతికిన మనిషి, అచ్చుయంత్రం తన వృత్తిని మింగేస్తున్న రోజుల్లో అలా రాశాడంటే నాకు ఆశ్చర్యం లేదు. అయినా పుస్తకం పట్ల ఆయనకున్న ప్రేమను నేను శంకించను. ఆయన చెప్పినవాటిలో ధనం, సంఖ్యల గురించిన మాటలను జాగ్రత్తగా తీసుకుని, దినచర్య గురించిన మాటలను నమ్మితే సరిపోతుందని నా అభిప్రాయం.

మతగ్రంథాల విషయంలో వెస్పసియానో ఇచ్చిన పట్టిక చాలా పొడుగైనది. పునీత అంబ్రోజు, జెరోము, అగస్టీను, గ్రెగొరీ అనే నలుగురు లాటిన్ సంఘపితరుల (తొలి శతాబ్దాల క్రైస్తవ గురువుల) రచనలన్నీ తన వద్ద ఉండాలని ఫెదెరికో పట్టుబట్టాడట. వారి తర్వాత బెర్నార్డు, అన్సెల్ము, బీడ్, ఇసిడోరు. గ్రీకు పితరులలో బాసిలు, నజియాంజుకు చెందిన గ్రెగొరీ, క్రిసొస్తొము లాటిన్ అనువాదాల్లో. మధ్యయుగపు మతశాస్త్రజ్ఞుల్లో థామస్ అక్వినాసు, ఆల్బర్టుసు మాగ్నుసు, బొనవెంతూరా, డన్స్ స్కోటసు. ఒక్కో శ్లోకం కింద హీబ్రూ, గ్రీకు, లాటిన్ మూడు భాషల్లో పాఠం సాగే కీర్తనల గ్రంథాన్ని వెస్పసియానో ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. ఇవన్నీ ఒక ప్రభువు దగ్గర ఉండదగినవేనని ఎవరైనా అనవచ్చు. నన్ను ఆపింది ఆ తర్వాత ఆయన చెప్పిన సంగతి. తర్వాతి కాలంలో ఉర్బినో బిషప్ అయిన లజ్జారో అనే గురువు చేత ఫెదెరికో అక్వినాసు మహాగ్రంథపు మొదటి భాగాన్నీ, మరికొన్ని రచనలనూ చదివించుకుని, స్కోటసుతో పోల్చి చూసి, స్కోటసుది సూక్ష్మమైన బుద్ధి, అక్వినాసుది స్పష్టమైన క్రమం అని తేల్చుకున్నాడట. అరల్లో వరుసగా పేర్చి ఉంచినంత మాత్రాన ఇద్దరు పండితుల మధ్య ఇలాంటి తేడా ఎవరికీ తట్టదు. చదివినవాడే చెప్పగలడు.

భోజనవేళల్లో ఫెదెరికోకు లివీ రోమ్ చరిత్ర చదివి వినిపించేవారనీ, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో మాత్రం చరిత్ర పక్కనపెట్టి ఆధ్యాత్మిక గ్రంథాలు చదివేవారనీ వెస్పసియానో రాశాడు. పునీత క్లారా మఠానికి వెళ్లి, లోపలికి పోకుండా, కిటికీ జాలీకి ఇవతల కూర్చుని, వృద్ధురాలైన మఠాధిపతితో దైవసంబంధమైన మాటలు మాట్లాడేవాడని కూడా రాశాడు. ఈ పఠనమంతా ఎక్కువగా వినడం ద్వారా సాగిందన్నది గమనించదగినది. ఆ కాలంలో పుస్తకం చదవడమంటే ఒకరు చదువుతుంటే నలుగురు వినడం కూడా. 1450లో ఒక పోటీ యుద్ధంలో కుడికన్ను పోగొట్టుకున్న మనిషికి చదివించుకుని వినే అలవాటు మరింత ఆదరువయ్యిందేమోనని నేను అనుకుంటాను.

ఇక పుస్తకాల దగ్గరికి వద్దాం. మోంతెఫెల్త్రోల తర్వాత ఏలిన దెల్లా రోవెరె వంశం 1631లో మగసంతానం లేక అంతరించాక ఉర్బినో రాజ్యం పోపు పాలనలోకి పోయింది. 1657లో ఏడవ అలెగ్జాండర్ పోపు ఈ వ్రాతప్రతులను రోముకు తరలించమని ఆజ్ఞాపించాడు. ఉర్బినో ప్రజలకు అది బాధాకరమైన నష్టమే గాని, ఆ సేకరణ చెదిరిపోకుండా ఒకేచోట నిలవడానికి అదే కారణమయ్యింది. వాటికన్ గ్రంథాలయంలో అవి నేటికీ ఉర్బినో పేరుతోనే, లాటిన్, గ్రీకు, హీబ్రూ అని భాషల వారీగా ప్రత్యేక వరుసల్లో ఉన్నాయి. అక్కడి పఠనమందిరంలోకి అర్హత గల పరిశోధకులకే ప్రవేశం. మనలాంటివారికి మిగిలిన దారి ఇంటర్నెట్ సేవ. దానికి రుసుము లేదు, సభ్యత్వం అక్కర్లేదు. ఉర్బినో లాటిన్ వరుసలో 1, 2 సంఖ్యలను వెతికితే ఫెదెరికో బైబిలు రెండు సంపుటాలు తెరుచుకుంటాయి. పుటలన్నీ చిన్న బొమ్మలుగా పక్కన వరుస కడతాయి, ఏ పుటనైనా పెద్దది చేసుకుని అక్షరం అక్షరం చూడవచ్చు. ప్రతి బొమ్మ మీదా గ్రంథాలయపు గుర్తు లేతగా కనబడుతుంది. ముద్రణకు వాడుకోవాలంటే వేరుగా అనుమతి తీసుకోవాలి. వివరణలు తెలుగులో దొరకవు కాబట్టి, ఏ పుట ఏ గ్రంథానిదో తెలియడానికి మీ బైబిలును పక్కన పెట్టుకుని కూర్చోవడం మంచిది. నేను అలాగే చేశాను. బైబిలులోని ప్రతి గ్రంథమూ అలంకరించిన కొత్త పుటతో మొదలవుతుంది గనుక లాటిన్ రాకపోయినా దారి తప్పం.

ఈ బైబిలును 1476 నుంచి 1478 వరకు ఫ్లోరెన్సులో తయారుచేశారు. రాసినవాడు ఊగ్ ద కొమినెల్ అనే ఫ్రెంచి లేఖకుడు. బొమ్మలు వేసింది ఫ్రాంచెస్కో ది అంతోనియో దెల్ కియెరికో నాయకత్వంలో పనిచేసిన చిత్రకారుల బృందం. ఒక్కో పుట ఎత్తు దాదాపు 60 సెంటీమీటర్లు. తోలు పుటల మీద రెండు నిలువు వరుసల్లో రాత సాగుతుంది. తెరమీద పుటను పెద్దది చేస్తూ పోతే మొదట బంగారు పూత, నీలం, ఎరుపు రంగుల లతలు. ఇంకా దగ్గరికి వెళితే ఆ లతల మధ్య పసిపిల్లలు, పక్షులు, చిన్న చిన్న వలయాల్లో ఫెదెరికో సొంత చిహ్నాలు. ముక్కున ఇనుప ములికి పట్టుకున్న నిప్పుకోడి, మంట చిమ్మే గుండు, తెల్లని ముంగిసలాంటి ఎర్మిన్ జంతువు, 1474లో ఇంగ్లండు రాజు ఇచ్చిన గార్టర్ గౌరవపు పట్టీ. దేవుడి వాక్యం చుట్టూ ఒక సేనాని తన బిరుదులన్నిటినీ అంచు కట్టించుకున్నాడు. మొదటిసారి చూసినప్పుడు ఇది నాకు అహంకారంగా తోచింది. పదిసార్లు చూశాక, ఈ మనిషి తనకున్న అన్ని రూపాల్లోనూ, యోధుడిగా, ప్రభువుగా, రాజుల స్నేహితుడిగా ఆ వాక్యం అంచున నిలబడాలనుకున్నాడనిపించింది. రెండు అభిప్రాయాలూ నిజం కావచ్చు.

ఆదికాండము మొదలయ్యే పుట దగ్గర ఆగండి. సృష్టి ఘట్టాలు కళ్లముందు వరుసకడతాయి. అక్కడి నుంచి నేరుగా రెండో సంపుటంలోని కీర్తనల ఆరంభానికి వెళ్లండి: రాజూ, యోధుడూ, పాపం చేసి ఏడ్చినవాడూ అయిన దావీదు మీద చిత్రకారులు ఎంత శ్రద్ధ పెట్టారో అక్కడ కనిపిస్తుంది. తన జీవితానికి అద్దం పట్టే మనిషి బైబిలులో ఎక్కడున్నాడని ఫెదెరికోను అడిగి ఉంటే, ఈ పుటే చూపించేవాడని నా నమ్మకం. వెస్పసియానో ఈ బైబిలును బంగారు జలతారు బట్టతో, వెండి అలంకారాలతో కట్టారనీ, గ్రంథాలన్నిటికీ ఇదే తలమానికం గనుక ఇంత ఘనంగా చేయించారనీ రాశాడు. ఆ గ్రంథాలయపు పాత అట్టల్లో చాలా భాగం ఇప్పుడు లేవు. ఎర్రని బట్ట, వెండి గొళ్లేలు, అరల్లో అవి మెరిసిన తీరు ఊహలోనే చూసుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి దాటవేసి వెళ్లలేను. ఈ బైబిలు రెండో సంపుటం పూర్తయిన 1478లోనే, ఏప్రిల్ 26న, ఫ్లోరెన్సు ప్రధాన దేవాలయంలో దివ్యబలిపూజ జరుగుతుండగా పజ్జీ అనే కుటుంబం తరఫు కుట్రదారులు, నగరాన్ని ఏలే మెదీచీ సోదరుల మీద కత్తులు దూశారు; జులియానో అక్కడికక్కడే చనిపోయాడు, లోరెంజో గాయాలతో బయటపడ్డాడు. ఆ కుట్రలో ఫెదెరికోకు చెయ్యి ఉందనీ, ఫ్లోరెన్సు పొలిమేరల్లో 600 మంది సైనికులను సిద్ధంగా ఉంచాడనీ, గూఢలిపిలో రాసిన ఆయన ఉత్తరాన్ని చరిత్రకారులు ఇటీవలి కాలంలో ఛేదించడంతో బయటపడింది. ఏ నగరంలోని చిత్రకారులు ఆయన కోసం దావీదుకు బంగారం అద్దుతున్నారో, ఆ నగరాన్ని ఏలేవారిని పూజవేళ చంపే పన్నాగంలో ఆయన పాలుపంచుకున్నాడు. ఇది తెలిసిన తర్వాత ఆ పుటలు అందంగా కనబడటం మానలేదు గాని, వాటి ముందు నేను నిశ్శబ్దంగా కూర్చునే సమయం పెరిగింది.

హీబ్రూ పుస్తకాల విషయంలోనూ అంతే. 1472లో ఫ్లోరెన్సు తరఫున వోల్టెర్రా పట్టణాన్ని లొంగదీసుకున్నప్పుడు ఆయన సేనలు దాన్ని దోచుకున్నాయి. ఆ దోపిడీలో ఒక యూదు గృహస్థుడి పుస్తకాలు ఆయన చేతికి వచ్చాయి. 13వ శతాబ్దపు చివర రాసిన మహా హీబ్రూ బైబిలు వాటిలో ముఖ్యమైనది. అది ఇప్పుడు ఉర్బినో హీబ్రూ వరుసలో 1వ సంఖ్య. పవిత్ర గ్రంథాన్ని మూల భాషలో తన దగ్గర ఉంచుకోవాలన్న ఆర్తి నిజమే. అది వచ్చిన దారీ నిజమే. ఆ విజయం తర్వాత కొద్ది వారాలకే, కొడుకు పుట్టిన అదే ఏట, భార్య బాత్తిస్తా స్ఫోర్జా చనిపోయింది.

ప్రాసాదం పై అంతస్తులో ఉన్న జాతీయ చిత్రశాలలో ఈ యూదుల విషయానికి సంబంధించిన చిత్రం ఒకటుంది, దాన్ని తప్పకుండా చూడాలి. ఉర్బినోలోని ఒక భక్తసంఘం కోసం పావొలో ఉచ్చెల్లో 1467, 1468 సంవత్సరాల్లో వేసిన ఆరు ఘట్టాల సన్నని పట్టీ అది. దివ్య సత్ప్రసాదాన్ని (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే రొట్టెను) అపవిత్రం చేశారన్న నిందతో ఒక యూదు కుటుంబాన్ని, పిల్లలతో సహా, కొయ్యకు కట్టి కాల్చే ఘట్టం అందులో ఉంది. అదే భక్తసంఘపు బలిపీఠం కోసం ఫ్లెమిష్ చిత్రకారుడు యోస్ వాన్ వాసెన్‌హోవె వేసిన, అపొస్తలులకు క్రీస్తు సత్ప్రసాదం ఇచ్చే పెద్ద చిత్రంలో ఫెదెరికో కూడా నిలబడి ఉన్నాడు. కింది అంతస్తులో ఒకప్పుడు 80కి పైగా హీబ్రూ గ్రంథాలు ఉన్న గది, పై అంతస్తులో ఈ చిత్రం. ఆ కాలపు భక్తిని గురించి మాట్లాడేవారు ఈ రెండింటినీ ఒకే రోజు చూడటం అవసరమని నాకు గట్టిగా అనిపించింది.

ఇప్పుడు అందరూ చూసే చోటికి, ఫెదెరికో చదువుకునే చిన్నగదికి వద్దాం. ఒక్కో వైపు నాలుగు మీటర్లయినా లేని ఈ గది గోడల కింది సగమంతా చెక్కలో చెక్క పొదిగిన చిత్రాలు. 1476 అన్న సంవత్సరం గదిలోనే రాసి ఉంది. సగం తెరిచిన జాలీ తలుపుల బీరువాలు, వాటిలో ఒరిగి పడుకున్న పుస్తకాలు, కవచపు ముక్కలు, వీణలాంటి ల్యూట్, గ్రహగతులు కొలిచే పరికరాలు, పండ్ల బుట్ట, దాని దగ్గర ఒక ఉడుత. ఒక్క రంగు చుక్క లేదు. నీడ పడాల్సిన చోట ముదురు చెక్క, వెలుగు పడాల్సిన చోట లేత చెక్క. నేను ఒక పుస్తకపు అట్ట మీది గొళ్లేన్ని వేలెడు దూరం నుంచి చూశాను: గోరంత వెడల్పు లేని చెక్క పలుకులు మూడు, మూడు వేర్వేరు గోధుమరంగుల్లో, కలిసి లోహపు మెరుపును తెప్పించాయి. ఈ బీరువాల నడుమ గూళ్లలో విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ స్త్రీమూర్తులై నిలబడ్డారు. మరోచోట ఫెదెరికో, ఈటె మొన నేలవైపు తిప్పి, పాత రోమన్ల నిలువుటంగీలో కనిపిస్తాడు. యుద్ధం బయట వదిలి లోపలికి వచ్చాడన్నమాట.

చాలామంది ఈ చెక్కపని చూసి వెళ్లిపోతారు. దయచేసి పైకి చూడండి, ఎందుకంటే ఆయన మతపఠనానికి పట్టిక అక్కడే ఉంది. గోడల పై భాగంలో రెండు వరుసల్లో 28 మంది మహనీయుల చిత్రాలు ఉండేవి. పై వరుసలో ప్లేటో, అరిస్టాటిల్, సిసిరో, సెనెకా, హోమర్, వర్జిల్, యూక్లిడ్, హిప్పొక్రటీసు వంటివారు, వారితోపాటు మాంటువాలో ఫెదెరికోకు చిన్నతనంలో చదువు చెప్పిన విత్తోరినో ద ఫెల్త్రే. కింది వరుసలో గ్రెగొరీ, జెరోము, అంబ్రోజు, అగస్టీను, మోషే, సొలొమోను, అక్వినాసు, స్కోటసు, ఆల్బర్టుసు మాగ్నుసు, రెండవ పయస్ పోపు, కార్డినల్ బెస్సారియోను, నాలుగవ సిక్స్‌టస్ పోపు, చివరగా దాంతే, పెట్రార్కా. బల్ల దగ్గర కూర్చున్న మనిషి తలెత్తితే ముందుగా కంటికి ఆనేది కింది వరుసే. వెస్పసియానో రాసిన పేర్లు చాలావరకు ఇక్కడ ముఖాలై కనబడతాయి. ఒక్కొక్కరి కిందా ఫెదెరికో కృతజ్ఞత చెప్పే లాటిన్ వాక్యాలు ఉండేవి. చిత్రాలను గోడల నుంచి తీసి విడదీసినప్పుడు అవి పోయాయి. 16వ శతాబ్దంలో ఒక జర్మన్ యాత్రికుడు రాసిపెట్టుకోవడం వల్లనే వాటి పాఠం దక్కింది.

17వ శతాబ్దంలో ఈ చిత్రాలు ఉర్బినో దాటి వెళ్లాయి. ఇప్పుడు 14 ఉర్బినోకు తిరిగి వచ్చాయి, 14 పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. ఈ పంపకంలో నన్ను కలచివేసిన చిన్న సంగతి ఒకటుంది: ఏ ఇద్దరినైతే ఫెదెరికో పక్కపక్కన పెట్టుకుని చదివి, పోల్చి, తూకం వేశాడో, ఆ ఇద్దరిలో స్కోటసు ఉర్బినోలో మిగిలాడు, అక్వినాసు పారిస్‌లో ఉన్నాడు. వెళ్లేముందు ఈ 28 పేర్లనూ, ఎవరెక్కడున్నారో కాగితం మీద రాసుకుని పట్టుకెళ్లండి. అది చేతిలో ఉంటే ఆ గదిలో పావుగంట ఎక్కువ నిలబడతారు.

అదే చిత్రశాలలో ఫెదెరికో చదువుతూ కూర్చున్న చిత్రమూ ఉంది. ఒంటి మీద కవచం, దానిపై డ్యూకు అంగీ, పాదాల దగ్గర శిరస్త్రాణం, మోకాలి పక్కన రాజదండం పట్టుకున్న పసివాడు గ్విదోబాల్దో. ఫెదెరికో చేతుల్లో దళసరి గ్రంథం. సైనికుడు కవచం విప్పకుండా చదవడం జరిగే పని కాదని తెలుసు. తనను లోకం ఎలా గుర్తుపెట్టుకోవాలో ఆయన ఇలా చెప్పించుకున్నాడు. అయితే కళ్లు పుస్తకం మీద నిలిపి ఉన్న తీరును, పుటను పట్టుకున్న వేళ్ల పట్టును చిత్రకారుడు ఎక్కడో చూసే వేశాడనిపిస్తుంది.

చదువుకునే గది నుంచి కిందికి దిగే మెలిక మెట్లు రెండు చిన్న మందిరాల దగ్గరికి తీసుకెళతాయి. ఈ సందర్శన మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన చోటు ఇదే. ఒకటి చలువరాతి పలకలు తాపడం చేసిన క్షమా మందిరం, అంటే ప్రార్థన చేసుకునే గుడి. దాని పక్కనే, గోడ ఆనుకుని, గ్రీకుల కళాదేవతల పేరిట కట్టిన చిన్న మందిరం. రెండింటికీ ముందున్న చోట లాటిన్‌లో రెండు పాదాల పద్యం చెక్కి ఉంది: కొద్దిపాటి ఎడంతో కలిసి ఉన్న రెండు గుడులు చూస్తున్నావు, ఒకటి కళాదేవతలది, రెండోది దేవుడిది అని దాని భావం. ఆయన మతపఠనం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందని గ్రంథాలయపు గదిలో వెతికిన నాకు జవాబు ఇక్కడ దొరికింది. ఆయనకు అగస్టీను ఒక గదిలో, సిసిరో ఇంకో గదిలో లేరు. రెండు తలుపులూ ఒకే వసారాలోకి తెరుచుకుంటాయి. గ్రంథాలయంలోనూ, చదువుకునే గది గోడల మీదా, ఈ మందిరాల్లోనూ ఒకే ఏర్పాటు మూడు పరిమాణాల్లో కనబడుతుంది. గంటన్నర పర్యటనలో ఈ మందిరాలను కూడా మాకు చూపించలేదని ఇక్కడ చెప్పక తప్పదు.

చివరగా వెళ్లేవారికి అవసరమైన మాటలు. ఉర్బినోకు ప్రయాణికుల రైలు లేదు. పెసారో దాకా రైల్లో వెళ్లి అక్కడి నుంచి బస్సు ఎక్కాలి, కొండదారిలో గంట లోపు పడుతుంది. ప్రాసాదానికి కనీసం నాలుగు గంటలు కేటాయించండి, బృందంతో వెళ్లేట్టయితే కింది అంతస్తు, మందిరాలు కార్యక్రమంలో ఉన్నాయో లేదో డబ్బు కట్టే ముందే అడిగి తెలుసుకోండి. వారం ముందు రెండు మూడు సాయంత్రాలు వాటికన్ సేవలో గడపండి: బైబిలు రెండు సంపుటాలు, మూడు భాషల కీర్తనల గ్రంథం, వీలైతే ఉర్బినో లాటిన్ వరుసలో 365వ సంఖ్య కింద ఉన్న దాంతే కావ్యం. ప్రాసాదంలో గ్రంథాలయపు గదితో మొదలుపెట్టి, చదువుకునే గది మీదుగా దిగి, మందిరాల దగ్గర ముగించండి. మందిరాల ముందున్న ఆ పద్యం తలుపుల పైభాగంలో ఉంది, వెలుతురు తక్కువ. అక్షరాలు పోల్చుకునేదాకా కళ్లు అలవాటుపడటానికి రెండు నిమిషాలు ఆగాలి.